పాత బండి సైలెన్సర్ – కొత్త గాయాలు



ఈ పేజీలో బి.పి., షుగరు, బాలింతల ఆహారం వంటి విషయాలు చదవడం మీకు అలవాటు. ఈసారి మోటారు సైకిల్ సైలెన్సర్ గురించి రాస్తున్నాము. నర్సులకు సైలెన్సర్‌తో ఏం పని అని మీరు అడగవచ్చు. మా డ్రెస్సింగు గదిలో ఒక వారం కూర్చుంటే మీకే తెలుస్తుంది.

ఒక ఎండాకాలం సాయంత్రం ఒక యువకుడు ఐదేళ్ల పాపను ఎత్తుకొని పరుగున వచ్చాడు. పాప కుడి పిక్క లోపలి వైపు, దాని అరచేయంత మేర తోలు ఊడిపోయింది. పైన తెల్లగా టూత్‌పేస్టు పూసి ఉంది.

"సిస్టరమ్మా, మా అక్క బిడ్డ. బండి దిగంగ సైలెన్సర్ అంటుకున్నది. జర తొందరగ చూడుండ్రి" అన్నాడు.

ముందు ఆ పేస్టు కడగాలి. కడుగుతుంటే పాప పెట్టిన కేకలకు వరండాలో ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. డ్రెస్సింగు అయిన తర్వాత, "బండికి కాలు కాలకుండా రేకు ఉంటది గదా, లేదా బిడ్డా?" అని అడిగాము. అతను తల వంచుకున్నాడు. "ఉండె సిస్టరమ్మా. సప్పుడు మంచిగ వస్తదని ఇంట్లనే సైలెన్సర్ కోసిన. రేకు మళ్ల సెట్ కాలే, పక్కకు పడేసిన" అన్నాడు.

అది వాళ్ల నాన్న నడిపిన బండి. కొడుకు చేతికి వచ్చాక దానికి కొత్త రూపు తేవాలనుకున్నాడు. అందులో తప్పు లేదు. కానీ ఆ ముచ్చటకు మూడు వారాలు డ్రెస్సింగు చేయించుకున్నది పాప. మచ్చ కూడా పాపకే మిగిలింది. మేము చెప్పదలచుకున్నది ఇదే. సైలెన్సర్‌తో ఆటలాడేది ఒకరు, దెబ్బ తగిలేది మరొకరికి.

సైలెన్సర్ చేసే పని ఏమిటి?

మన ఇళ్లలో పాత బండ్లు చాలా ఉన్నాయి. 1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 ఇప్పటికీ కొందరు ప్రాణంగా చూసుకుంటారు. 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్, తాతల నాటి బుల్లెట్ కూడా కనబడతాయి. వీటి సైలెన్సర్ లోపల రంధ్రాలున్న గొట్టం, అడ్డు రేకులు ఉంటాయి. ఇంజను నుంచి వచ్చే పేలుడు శబ్దం వాటిలో తగిలి తగిలి తగ్గి బయటకు వస్తుంది. కుర్రవాళ్లు తీసేసేది ఆ లోపలి గొట్టాన్నే.

దీని గురించి మా ఆస్పత్రి జీపు బాగుచేసే మెకానిక్‌ను అడిగాము. "గాలి ఫ్రీగా పోతే పికప్ పెరుగుతదనుకుంటరు. మల్ల నా దగ్గరికే వస్తరు" అన్నాడు. ఆర్‌ఎక్స్ 100 వంటి టూ స్ట్రోక్ బండిలో సైలెన్సర్ ఇంజనులో ఒక భాగం వంటిదట. దాని ఆకారం వల్ల వెనక్కి వచ్చే ఒత్తిడి, కాలకుండా బయటకు పోబోయే పెట్రోలును తిరిగి ఇంజనులోకి నెడుతుంది. ఇష్టం వచ్చినట్టు కోస్తే ఆ లెక్క తప్పి పెట్రోలు వృథా అవుతుంది, తక్కువ వేగంలో లాగుడు తగ్గుతుంది. కార్బురేటర్ ఉన్న ఫోర్ స్ట్రోక్ బండిలో పొగ గొట్టం మాత్రమే మార్చి పెట్రోలు జెట్ మార్చకపోతే, ఇంజనుకు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయి అది బాగా వేడెక్కుతుంది.

సప్పుడు వల్ల కలిగే హాని

మా వద్దకు మూడు జిల్లాల నుంచి రోగులు వస్తారు. జనగామ వైపు తెల్లవారకముందే పాల క్యాన్లు కట్టుకొని బండ్లు బయలుదేరతాయి. మహబూబాబాద్ తండాల నుంచి భార్యాభర్త, ఇద్దరు పిల్లలు ఒకే బండి మీద వస్తారు. భూపాలపల్లిలో సింగరేణి కార్మికులు రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోతారు. బొగ్గు గనిలో యంత్రాల మోత విని వచ్చిన చెవికి ఇంటి దగ్గరైనా విశ్రాంతి కావాలి. పగలు పన్నెండింటికి వీధిలో ఒక బండి పటపట పేలుతూ పోతే, ఎన్ని ఇళ్లలో నిద్ర చెడుతుందో లెక్క వేయండి.

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉంటే చెవికి హాని అని నిపుణులు చెబుతారు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగానికి తగ్గుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి క్షేమమైన సమయం 15 నిమిషాలే. లోపలి చెవిలో వినికిడికి పనిచేసే సన్నని కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. చెవుల్లో గుయ్‌మని మోత, మాటలు వినబడుతున్నా అర్థం కాకపోవడం దాని మొదటి గుర్తులు.

ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే ఏర్పాటు 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలలో ఉంది. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటరాదు. నెలలు నిండక పుట్టిన పసికందులు ఉండే గదిలో శబ్దం 45 డెసిబెల్స్ లోపు ఉండాలని పిల్లల వైద్యులు చెబుతారు. మా గేటు ముందు అటువంటి బండి పోయిన ప్రతిసారీ ఆ పసివాళ్లు ఉలిక్కిపడడం మేము కళ్లారా చూస్తున్నాము.

ఇంట్లో ఈ పని చేసేటప్పుడు జరిగే ప్రమాదాలు

1. పొగ: గదిలో, తలుపులు మూసిన షెడ్డులో బండి స్టార్టు చేసి సప్పుడు పరీక్షించడం చాలా ప్రమాదం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలైతే వెంటనే మనిషిని బయటి గాలిలోకి తెచ్చి 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషను ఇటువంటి వారిలో 98 అని చూపినా నమ్మవద్దు. పొగ పీల్చిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

2. కన్ను: గ్రైండర్‌తో కోస్తుంటే ఇనుప రవ్వ కంటిలో పడుతుంది. అద్దాలు లేకుండా కోయరాదు. పడితే నలపవద్దు, ఆముదం, చనుబాలు పోయవద్దు, పిన్నుతో తీయవద్దు. కంటి మీద శుభ్రమైన గుడ్డ వేసుకొని రండి. వెల్డింగు వెలుతురు చూసిన కన్ను వెంటనే నొప్పి పెట్టదు, కొన్ని గంటల తర్వాత అర్ధరాత్రి మంట పుడుతుంది.

3. కాస్టిక్ సోడా: టూ స్ట్రోక్ సైలెన్సర్‌లో గడ్డకట్టిన మసిని వదిలించడానికి కొందరు కాస్టిక్ సోడా నీళ్లు పోస్తారు. అది తోలును, కంటిని లోతుగా తినేస్తుంది. మీద పడితే ఆ బట్టలు విప్పేసి, ధారగా పడే నీటితో కనీసం 20 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి రండి. ఆ నీళ్లను తాగే నీళ్ల సీసాలో ఎన్నడూ పోయకండి.

4. మంట: పెట్రోలు ట్యాంకు దగ్గర వెల్డింగు, గ్రైండింగు చేయరాదు. మసి వదలాలని సైలెన్సర్‌ను మంటలో కాల్చడం కూడా పిల్లలు తిరిగే వాకిట్లో వద్దు.

మరి పాత బండిని ఏం చేయాలి?

పాత బండిని పారేయమని మేము చెప్పడం లేదు. అది మీ నాన్నగారి గుర్తు అయితే ఇంకా బాగా చూసుకోండి. తుప్పు పట్టి రంధ్రం పడితే మెకానిక్ షాపులో అతుకు వేయించండి, లేదా అదే మోడల్ సైలెన్సర్ వేయించండి. ఇంజను దగ్గర గాస్కెట్ పోతే పటపటమని శబ్దం వస్తుంది, అది చిన్న ఖర్చుతో పోతుంది. చాలా పాత గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి పొడి గీకి ఊదకండి. ముఖ్యంగా కాలు కాలకుండా ఉండే రేకును మళ్లీ బిగించండి. చీర, చున్నీ చక్రంలో పడకుండా ఉండే జాలి కూడా తీయకండి.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టంలోని 190(2) సెక్షను ప్రకారం, 2019 సవరణ తర్వాత, శబ్ద, గాలి కాలుష్య నిబంధనలు మీరిన బండి నడిపితే మొదటి తప్పుకే మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు కూడా మూడు నెలలు పనిచేయదు.

సైలెన్సర్ కాలితే ఇలా చేయండి

- వెంటనే కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచండి. ఆలస్యమైనా, మూడు గంటల లోపు అయితే ఇది మేలు చేస్తుంది. ఐసు పెట్టవద్దు.
- పట్టీలు, గొలుసులు వాపు రాకముందే తీయండి.
- టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, కాఫీ పొడి, నూనె పూయవద్దు.
- బొబ్బలు చిదమవద్దు. ఉతికిన శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి.
- చిన్నపిల్లలకైనా, షుగరు ఉన్నవారికైనా, గాయం అరచేయి కంటే పెద్దదైనా, తోలు తెల్లగా లేక నల్లగా మారినా అదే రోజు ఆస్పత్రికి రండి. టి.టి. సూది సంగతి అడగండి.
- పిల్లలను ఎడమ వైపు నుంచే ఎక్కించండి, దింపండి. ఎక్కువ బండ్లకు సైలెన్సర్ కుడి వైపు ఉంటుంది. బండి ఆపిన తర్వాత కూడా చాలాసేపు అది వేడిగానే ఉంటుంది.

ఆ పాప చివరి డ్రెస్సింగుకు వచ్చిన రోజు, మేనమామ మమ్మల్ని బయటకు పిలిచి బండి చూపించాడు. పాత మోడల్ సైలెన్సర్ వేయించాడు, దానిపై రేకు బిగించాడు. స్టార్టు చేస్తే మెల్లగా మోగింది. పాప మాత్రం బండి దగ్గరకు రానని మా చీర కొంగు పట్టుకొని నిలబడింది. చివరికి మామ కిందికి దిగి, ఎడమ వైపు నుంచి ఎత్తి కూర్చోబెట్టుకున్నాడు.

ఈ రోజు ఇంటికి వెళ్లాక మీ బండి పక్కన ఒకసారి కూర్చొని, ఆ రేకు ఉందో లేదో చూడండి.