నౌన్ క్లాజ్ అంటే భయమెందుకు?



మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో మేమే మొదలు. ఇంగ్లీషులో సందేహం వస్తే అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. టెన్త్‌లో నౌన్ క్లాజ్ పాఠం రాగానే పేజీ తిప్పేశాం. తీరా ఒక ఇంటర్వ్యూలో "ఐ డోంట్ నో వాట్ ఈజ్ ది ఆన్సర్" అన్నాం. జవాబు తెలియనందుకు కాదు, ఆ వాక్యమే తప్పని తర్వాత తెలిసి ఎక్కువ బాధపడ్డాం. ఆ బాధ మీకు రాకూడదనే ఈ నాలుగు మాటలు.

నౌన్ అంటే నామవాచకం. ఒక ఉపవాక్యం మొత్తం కలిసి నామవాచకం చేసే పని చేస్తే అదే నౌన్ క్లాజ్. "ఐ నో ది ఆన్సర్" అన్నప్పుడు ఏమి తెలుసు? 'ది ఆన్సర్'. "ఐ నో దట్ హి ఈజ్ హియర్" అన్నప్పుడు ఏమి తెలుసు? 'దట్ హి ఈజ్ హియర్'. ఇదే నౌన్ క్లాజ్. ఇది కర్తగానూ వస్తుంది: "వాట్ హి సెడ్ ఈజ్ ట్రూ". ఏది నిజం? 'వాట్ హి సెడ్'.

నిజానికి ఇది మనం రోజూ తెలుగులో వాడేదే.

1. అతను వస్తాడని తెలుసు. ఈ 'అని'కి ఇంగ్లీషులో 'దట్'.
2. అతను వస్తాడో రాడో తెలియదు. ఇక్కడ 'వెదర్'.
3. అతను ఎక్కడ ఉన్నాడో తెలుసు. ఇక్కడ 'వేర్'.

మనం తప్పు చేసేది మూడోదానిలోనే. "వేర్ ఈజ్ బెంజ్ సర్కిల్?" అనేది ప్రశ్న. 'టెల్ మి' చేర్చితే "టెల్ మి వేర్ బెంజ్ సర్కిల్ ఈజ్" అనాలి. తెలుగులో 'ఎక్కడ ఉంది?' అన్నది 'ఎక్కడ ఉందో' అవుతుంది. ఆ 'ఓ' ఇంగ్లీషులో లేదు కనుక మాటల వరుస మారుతుంది: కర్త ముందు, క్రియ తర్వాత. 'డు, డజ్, డిడ్' కూడా పోతాయి. "వేర్ డజ్ హి లివ్?" అన్నది "ఐ నో వేర్ హి లివ్స్" అవుతుంది. ప్రశ్నపదమే కర్త అయితే మాత్రం మార్పు లేదు: "హూ కేమ్?", "ఐ నో హూ కేమ్".

మన మచిలీపట్నంలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ పరాయి భాష అయిన తెలుగు నేర్చుకుని, 1840లో తెలుగు వ్యాకరణాన్నే ఇంగ్లీషులో ప్రచురించారు. మన తెలుగు ఆధారంగా మనం ఇంగ్లీషు నేర్చుకోలేమా? రాత్రి స్టడీ అవర్‌లో రోజుకు ఐదు ప్రశ్నలు తీసుకుని, ముందు 'ఐ నో' చేర్చి రాయండి. నెల తిరిగేసరికి భయం పోతుంది.

రేపు ఇంటర్వ్యూలో జవాబు తెలియకపోయినా ఫర్వాలేదు తమ్ముళ్లూ. "ఐ డోంట్ నో వాట్ ది ఆన్సర్ ఈజ్" అని తల ఎత్తుకుని చెప్పండి.