యాంటెన్నా నాడి పట్టే పరికరం: ఎంచుకోవడం ఎలా?

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే జంషెడ్‌పూర్‌లో వరద వచ్చి ఫోన్లు మూగబోతే, హామ్ రేడియో ఆదుకోగలదు. 2004 సునామీ తర్వాత అండమాన్ నుంచి సమాచారం చేరవేయడంలో హామ్‌లు కీలకంగా పనిచేశారు. అయితే యాంటెన్నా పొడవు కుదరకపోతే ఎంత మంచి రేడియో అయినా దండగే. ఆ లోటును ముందే పట్టి చూపేది యాంటెన్నా ఎనలైజర్.

7.1 మెగాహెర్ట్జ్‌కు అర్ధతరంగ డైపోల్ పొడవు సుమారు 20 మీటర్లు. దగ్గర్లో ఇనుప రేకులు, స్తంభాలు ఉంటే ఈ లెక్క మారుతుంది. ఎనలైజర్ చిన్న సంకేతం పంపి, ఎంత తిరిగొచ్చిందో కొలుస్తుంది. ఆ కొలమానమే ఎస్‌డబ్ల్యూఆర్. అది 1 అయితే ఏమీ తిరిగిరాదు; 2 అయితే 11 శాతం, 3 అయితే 25 శాతం శక్తి వెనక్కి వస్తుంది.

కొనేముందు పౌనఃపున్య పరిధి చూడాలి. 7 మెగాహెర్ట్జ్‌కు 30 వరకు కొలిచేది చాలు. 145 వాడేవారికి అది సరిపోదు. ఎండలో కనిపించే తెర, గ్రాఫు ఉండాలి. గ్రాఫులో కనిష్ఠ బిందువు 7.1కి బదులు 6.9 దగ్గరుంటే తీగ పొడవెక్కువని అర్థం. రెండు వైపులా సుమారు 28 సెంటీమీటర్ల చొప్పున తగ్గించాలి.

నానోవీఎన్‌ఏ చవక, పరిధీ ఎక్కువే. కానీ కొలిచే ముందు ఓపెన్, షార్ట్, 50 ఓమ్ లోడ్‌లతో క్యాలిబ్రేట్ చేయాలి. ఓపిక లేనివారికి నేరుగా కొలిచే ఎనలైజరే మేలు.

ఒక హెచ్చరిక: 50 ఓమ్ నిరోధకం కూడా ఎస్‌డబ్ల్యూఆర్ 1 చూపిస్తుంది, కానీ దాని నుంచి మాట గాలిలోకి వెళ్లదు. అందుకే కొలత కుదిరాక, దూరపు స్టేషన్‌తో మాట్లాడి చూడాలి.