లోపలి స్కాన్‌తో కడుపు పోదు

నెల తప్పింది. కిట్‌లో రెండు గీతలు వచ్చాయి. వారం తిరక్కుండా ఎర్రమచ్చ కనిపించింది. డాక్టరు స్కాన్‌కి చీటీ రాస్తే ఇంటికొచ్చాక అది సొరుగులోకి పోతుంది. “అసలే రక్తం పోతోంది, లోపల గొట్టం పెడితే ఉన్నదీ జారిపోతుంది. పది రోజులు పడుకో, అదే ఆగుతుంది.” అనకాపల్లి అనేముంది, ఎక్కడైనా ఇంట్లో పెద్ద వైద్యులకు కొదవ లేదు. ఆ పది రోజుల్లో ప్రాణం మీదికొస్తే మాత్రం బాధ్యులెవరూ ఉండరు.

టీవీఎస్ అనే ఆ లోపలి స్కాన్‌లో ప్రోబు యోని దాటి వెళ్లదు. గర్భాశయ ముఖద్వారం ఇవతలే ఆగుతుంది. వాడేది శబ్ద తరంగాలు, ఎక్స్‌రే కాదు. స్కాన్ తర్వాత కొందరికి కడుపు పోతుంది, నిజమే. రక్తం కనబడ్డాకే కదా స్కాన్‌కి వెళ్లింది! గొడుగు తెరిచాడు కాబట్టే వాన కురిసిందన్నట్టుంది వాదన. మొదటి మూడు నెలల్లో నలుగురు గర్భిణుల్లో దాదాపు ఒకరికి ఎంతో కొంత రక్తం కనిపిస్తుంది. వాళ్లలో చాలామందికి గర్భం నిలుస్తుంది. నిలవనివాటిలో సుమారు సగానికి పిండం క్రోమోజోముల్లోని లోపమే కారణం.

అసలు ఆ స్కాన్ రాసేది కడుపు నిలబెట్టడానికి కాదు, గర్భం ఎక్కడుందో చూడ్డానికి. నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భాశయం బయట, ఎక్కువగా ట్యూబులో నాటుకుంటాయి. మొదట్లో అదీ ఇలాగే మచ్చలతో, ఓ పక్క సన్నటి నొప్పితో ఉంటుంది. ట్యూబు పగిలితే బయటికి కనిపించే రక్తం కొంచెమే, పొట్టలోకి పోయేదే ఎక్కువ. పడుకుంటే ఆగేది కాదది. ముందే తెలిస్తే కొందరికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షనుతో సరిపోతుంది, పగిలాక ఆపరేషనే. స్కాన్ లేకుండా మందుల షాపులో అబార్షన్ కిట్ కొని మింగేవాళ్లూ ఇది వినాలి. ఆ మాత్రలు ట్యూబులోని గర్భాన్ని పోగొట్టవు. పైగా రక్తం పడింది గనక పనైపోయిందని భ్రమ పెడతాయి.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. బెల్లం ముక్క తింటే వేడి చేసి కడుపు పోతుందట; బెల్లం మార్కెట్టు మీద బతికే అనకాపల్లిలో ఈ మాట ఎలా బతికిందో! మంచం దిగకపోతే గర్భం నిలుస్తుందనడానికి ఆధారం లేదు. ఆడో మగో చూస్తారన్న అనుమానమూ వద్దు. ఇంత తొలినాళ్ల స్కాన్‌లో అది తెలియదు, తెలిసే నెలల్లోనైనా చెప్పడం 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నేరం.

“స్కాన్లన్నీ డబ్బుల కోసమే” అన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. అవసరం లేకుండా రాసేవాళ్లు ఉన్నారు. కానీ వారం తర్వాత మళ్లీ రమ్మన్న స్కాన్‌ని ఆ పద్దులో వేయకండి. చివరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కేస్తే పిండం ఉండే సంచి అయిదో వారంలో, గుండె కదలిక ఆరో వారంలో కనబడటం మొదలవుతుంది. తేదీలు అటూ ఇటూ అయితే ఆలస్యమూ కావచ్చు. పిండం పొడవు 7 మిల్లీమీటర్లకు చేరకముందు, గుండె కదలిక లేదన్న ఒక్క కారణంతో కడుపు పోయిందని తేల్చకూడదు. మళ్లీ చూడాల్సిందే. ఒక్క రిపోర్టు పట్టుకుని “కడిగించేద్దాం” అనే తొందర అత్తగారిదైనా ఆసుపత్రిదైనా ఒప్పుకోవద్దు. కిట్ పాజిటివ్‌గా ఉండి గర్భాశయం ఖాళీ అని రిపోర్టొస్తే ఇంకా జాగ్రత్త. రెండు రోజుల తేడాతో బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేయించాలి.

వెళ్లేటప్పుడు చివరి నెలసరి తేదీ, పాత రిపోర్టులు, బ్లడ్ గ్రూపు కాగితం పట్టుకెళ్లండి. నెగటివ్ గ్రూపైతే ముందే చెప్పండి. లోపలి స్కాన్‌కి మూత్రం బిగబట్టుకుని కూర్చోనక్కర్లేదు, పోసి రావాలి. కళ్లు తిరిగినా, పొట్టలో ఓ పక్క పోటెత్తినా, భుజం కొన లాగినా, గంటకో ప్యాడ్ తడిసినా స్కాన్ సెంటర్లో టోకెను పట్టుకుని కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి, అర్ధరాత్రైనా ఆపరేషన్ చేయగల ఆసుపత్రికే పోవాలి. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి దాకా వెళ్లాల్సి రావచ్చు. అనకాపల్లి జిల్లాలోని మాడుగుల, రావికమతం వైపు వాళ్లకు దారిలోనే చాలా సేపు పడుతుంది గనక మచ్చ కనబడిన రోజే బయల్దేరడం మేలు.