బాసిలిస్క్‌కు ఆదిలాబాద్ గాలి పడుతుందా?

నీళ్లమీద రెండు కాళ్లతో ఉరికే బల్లి వీడియో తిరగని ఫోను ఇప్పుడు ఉండదు. దాని పేరు బాసిలిస్క్. చూసినవాళ్లలో కొందరికి దాన్ని ఇంట్లో పెంచుకోవాలని మనసు పుడుతుంది. కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో ఉంటూ ఆ ముచ్చట తీర్చుకోవాలంటే ధర సంగతి తర్వాత, ముందు వాతావరణంతోనే పేచీ. మెక్సికో నుంచి ఈక్వడార్ దాకా వాగుల ఒడ్డున, చెట్ల నీడన బతికే జీవి అది. అక్కడి లోతట్టు అడవుల్లో ఏడాదంతా ఉక్కపోతే. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి, పుష్యంలో తిర్యాణి మండలం గిన్నెదరిలో జనం పొద్దెక్కేదాకా చలిమంటల దగ్గర నుంచి కదలరు.

బాసిలిస్కుల్లో నాలుగు జాతులున్నాయి. పెంపుడు వ్యాపారంలో ఎక్కువగా కనబడేవి రెండు: ఆకుపచ్చది, గోధుమరంగుది. ఆకుపచ్చ దాంట్లో మగదానికి తలమీద, వీపుమీద, తోకమీద తెరచాపలా లేచిన పలచని చర్మం ఉంటుంది. ఆడదానికి తలమీద చిన్న కుచ్చు మాత్రమే. ఒళ్లంతా పచ్చన, పక్కలమీద లేతనీలం చుక్కలు, కళ్లు పసుపు. ఎదిగిన మగది రెండడుగులు దాటుతుంది, అందులో మూడింట రెండు వంతులు తోకే. గోధుమరంగు దానికి కంటి దగ్గర నుంచి పక్కల వెంట లేతపసుపు చారలు ఉంటాయి. రంగును నమ్ముకుంటే మోసపోతాం. వెనక పాదాల పొడుగాటి వేళ్లను చూడాలి. వాటి అంచున చర్మపు కుచ్చు ఉంటే అది బాసిలిస్క్.

మన కంచెల మీది తొండకు ఆ కుచ్చు ఉండదు. మెడ నుంచి వెన్ను మీదికి ముళ్ల వరస ఉంటుంది. వానలు దగ్గరపడే రోజుల్లో మగ తొండ తలా గొంతూ ఎర్రబారతాయి. గోడెక్కి దండీలు తీస్తూ పక్క తొండను బెదిరిస్తుంది. ఆ ఎరుపు చూసి మనుషుల రక్తం పీలుస్తుందని పిల్లలు రాళ్లు విసురుతారు. పాపం, అది తినేది పురుగుల్ని.

వీటి అసలు చుట్టరికం పళ్లలో తెలుస్తుంది. తొండకు దవడ పక్కభాగం పళ్లు ఎముక అంచుమీదే అతుక్కుపోయి ఉంటాయి. ఒకటి ఊడితే దాని చోట కొత్తది రాదు. ఊసరవెల్లి పళ్లూ అంతే. బాసిలిస్క్‌కు, ఇగువానాకు పళ్లు దవడ లోపలిగోడకు ఆని ఉంటాయి, అరిగినకొద్దీ కొత్తవి వస్తాయి. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందన్న సామెతను శాస్త్రం ఒప్పుకోదు, ఎంత ముదిరినా తొండ తొండే. కానీ సామెత కలిపిన ఆ రెండూ నిజంగానే దగ్గరి దాయాదులు. బాసిలిస్క్‌ది వేరే శాఖ. దుకాణంలో ఎవరూ నోరు తెరిపించి చూడనివ్వరనుకోండి, అది వేరే మాట.

ఈ పళ్ల కథ మన ఆసిఫాబాద్ జిల్లా రెబ్బన దాకా వస్తుంది. అక్కడి పైకాసిగూడెం దగ్గర కోటా అని పిలిచే శిలల పొర మట్టిని కడిగి, జల్లెడ పట్టి, మిగిలిన రవ్వను సూక్ష్మదర్శిని కింద వెతికితే చిన్న చిన్న దవడ ముక్కలు బయటపడ్డాయి. సుసాన్ ఎవాన్స్, గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, బి.కె. మన్హాస్ అనే శాస్త్రవేత్తలు 2002లో వాటికి ‘భారతగామ రెబ్బనెన్సిస్’ అని పేరు పెట్టారు. జురాసిక్ కాలపు బల్లి అది. వయసు 16 కోట్ల ఏళ్లకు పైమాటే. పళ్లు తొండ తరహాలో అంచుకు అతుక్కుని ఉన్నాయి. అంటే అప్పటికే తొండల శాఖ, బాసిలిస్కుల శాఖ విడిపోయాయని వాళ్ల వాదన. అందరూ ఒప్పుకోలేదు. న్యూజిలాండ్‌లో మిగిలిన టువటారా అనే సరీసృపం వంశానికీ అలాంటి పళ్లే ఉంటాయి, ఆ వంశపు దవడలూ ఇదే మట్టిలో దొరికాయి. వాటిలో ఒకదానికి ‘గోదావరిసారస్’ అని, ఇంకొకదానికి ‘రెబ్బనసారస్’ అని పేర్లున్నాయి. వాదన ఎటు తేలినా, బల్లుల చరిత్ర రాసేవాళ్లు రెబ్బన పేరు ఎత్తకుండా ముందుకు పోలేరు.

ఇక నీళ్లమీది పరుగు. గ్లాషీన్, మెక్‌మాన్ అనే శాస్త్రవేత్తలు 1996లో దీని లెక్క తేల్చారు. పాదం నీటిని చరుస్తుంది, తర్వాత కిందికీ వెనక్కీ తోస్తుంది. తోసినచోట నీళ్లు పక్కకు జరిగి గాలిగుంట ఏర్పడుతుంది. ఆ గుంట పూడేలోపే కాలు బయటికి లాగేయాలి, లేదంటే నీళ్లు కాలిని పట్టేస్తాయి. రెండు గ్రాముల పిల్ల తన బరువుకు రెండింతలకు పైగా బలం పుట్టించగలదు. 90 గ్రాముల పెద్దదానికి తన బరువును మోయడానికి సరిపడా బలం పోగా మిగిలేది కొద్దిపాటే. ముదిరినకొద్దీ మునుగుతుందన్నమాట. మునిగినా భయం లేదు, బాగా ఈదుతుంది.

ఇంట్లో పెట్టినప్పుడు ఈ పరుగే దాని ప్రాణం మీదికి తెస్తుంది. మనిషి నీడ పడితే చాలు, బెదిరి ఉరికి గాజుకు మూతి కొట్టుకుంటుంది. పదేపదే అలా జరిగితే మూతి పుండై, చీము దవడ ఎముకకు పాకుతుంది. అందుకే చిన్న అక్వేరియం పనికిరాదు. నాలుగడుగుల పొడవు, అంతకు తగ్గని ఎత్తు, మూడు వైపులా కనబడకుండా మూత, లోపల అడ్డంగా ఏటవాలుగా కొమ్మలు, ఆకుల గుబురు, అడుగున పెద్ద నీళ్ల తొట్టి కావాలి. తొట్టిలోనే మలవిసర్జన చేస్తుంది కాబట్టి నీళ్లు రోజూ మార్చాలి. రెండు మగవాటిని కలిపి ఉంచితే కొట్టుకు చస్తాయి. చేతిలోకి తీసుకుని ముద్దు చేయడం దానికి నచ్చదు. ఈ ఒక్క కారణం చాలు, చాలామంది దీన్ని పెంచకూడదనడానికి.

పగలు 27-29 డిగ్రీలు, ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 35 దాకా, గాలిలో తేమ 70 శాతం పైన ఉండాలి. మేలో కరీంనగర్‌లో పగలు 44, 45 తాకుతుంది, తేమ ఎండిపోతుంది. అప్పుడు వేడి దీపం ఆర్పేయాలి, అతినీలలోహిత దీపం మాత్రం ఆర్పకూడదు. ఆ కాంతి లేకపోతే ఒంట్లో విటమిన్ డి తయారుకాక, తిన్న సున్నం ఎముకలకు పట్టక దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి. కిటికీ ఎండ దానికి బదులు కాదు. గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది, పైగా ఎండలో పెట్టిన గాజుపెట్టె కాసేపట్లోనే బల్లిని చంపుతుంది. దీపం వెలుగుతున్నా ఏడాది తిరిగేసరికి ఆ కిరణాల బలం తగ్గిపోతుంది కనుక మార్చుకోవాలి. ఎండాకాలపు పొడిగాలిలో మన కూలర్ రెండు పనులూ చేస్తుంది, గది చల్లబడుతుంది, తేమ పెరుగుతుంది. కరెంటు పోతే ఆ రెండూ పోతాయి. చలికాలం ఇంకా కష్టం. ఆదిలాబాద్ వైపు రాత్రి వేడి 5, 6 డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి. ఒళ్లు చల్లబడ్డ బల్లికి తిన్నది అరగదు, పొట్టలోనే కుళ్లుతుంది. ఏడాదిలో కాస్త ఊపిరి పీల్చుకునేది ముసురు పట్టిన రోజుల్లోనే.

మేతకు కీచురాళ్లు, బొద్దింకలు, మిడతలు. పెంచిన పురుగులే వేయాలి, చేలో పట్టినవాటికి పత్తిమందు అంటుకుని ఉండొచ్చు. వేసేముందు సున్నపు పొడి అద్దాలి. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సరీసృపాల ఒంటిమీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు.

కాగితాల సంగతీ ఉంది. విదేశీ జీవిని తెప్పించాలంటే దిగుమతి అనుమతి, క్వారంటైన్ పత్రాలు ఉండాలి. అమ్మేవాడు అవి చూపించలేకపోతే బేరం అక్కడే ఆపేయాలి. బాసిలిస్క్ కాకపోతే ఉడుము పిల్లను తెచ్చుకుందామనుకుంటే ఇంకా తప్పు, 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉంది. పెంచలేక విసిగి వాగులో వదిలేయడమూ పరిష్కారం కాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో గోధుమరంగు బాసిలిస్క్ అలా బయటపడి కాలవల వెంట స్థిరపడిపోయింది. మన చలికి, వడగాడ్పుకు మానేరు ఒడ్డున అది బతక్కపోవచ్చు. దాని ఒంట్లోని పరాన్నజీవులు మాత్రం అక్కడి తొండలకు అంటుకోవచ్చు.