క్రోటన్ రంగు ఎండలో ఉంది

పామర్రు నుంచి గుడివాడ వెళ్లినా, బందరు వెళ్లినా ప్రహరీగోడల పక్కన క్రోటన్ మొక్క కనిపిస్తూనే ఉంటుంది. ఇండొనేషియాలోని మొలుక్కా దీవుల వైపు నుంచి ప్రపంచమంతా తిరిగిన మొక్క ఇది. మన ఆముదానికి చుట్టం. చలిదేశాల్లో శీతాకాలమంతా ఇంట్లో దాచుకోవాల్సిన ఈ మొక్కకు మన దగ్గర ఆ బెంగ లేదు.

మామిడి చిగురు రాగిరంగులో పుట్టి, ముదిరే కొద్దీ పచ్చబడుతుంది. క్రోటన్‌ది తలకిందుల వరస. చాలా రకాల్లో కొత్తాకు పచ్చగానో పసుపుగానో వస్తుంది, కింది ముదురాకులు ఎర్రబడతాయి. పసుపు కెరోటినాయిడ్లది, ఎరుపు ఆంథోసయానిన్లది. నీడలో పెడితే దొరికిన కాస్త వెలుతురునూ పట్టుకోవడానికి ఆకు పత్రహరితాన్ని పెంచుకుంటుంది, ఎరుపు వెనక్కి తగ్గుతుంది. నర్సరీ నుంచి తెచ్చి వరండాలో పెట్టిన మొక్క వెలవెలబోయేది అందుకే. దానికి యూరియా వేస్తే పచ్చదనమే పెరుగుతుంది. మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేయాలి. ఒక్కసారిగా చోటు మారిస్తే అలిగినట్టు ఆకులు రాల్చేస్తుంది.

డెల్టాలో క్రోటన్‌కు అసలు గండం నీళ్లు. మనది బంకమట్టి. వానాకాలంలో ఊటనీరు పైపైకి వస్తుంది. మట్టి సందుల్లో గాలికి బదులు నీరు నిలిచిపోతే ఆక్సిజన్ అందక వేరు కుళ్లుతుంది. అప్పుడు మొక్క దాహంతో ఉన్నట్టే వాడుతుంది, చూసినవాళ్లు ఇంకో చెంబు పోస్తారు! ఇసుక, పశువుల ఎరువు కలిపి మూరెడు మెరక చేసి నాటితే సగం బాధ తప్పుతుంది. దివిసీమలో బోరునీరు ఉప్పగా ఉన్నచోట ఆకు అంచులు మాడతాయి. అక్కడ కాలవనీరో వాననీరో పోయాలి.

విత్తనం మొలిస్తే తల్లి రంగు వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే గాలిఅంటు కడతారు. పెన్సిలంత కొమ్మకు అంగుళం మేర ఉంగరంలా బెరడు వలిచి, తడి నాచు పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి రెండువైపులా బిగించాలి. లోపలి కర్రలోంచి నీరు పైకి ఎక్కుతూనే ఉంటుంది కనుక ఆకు వాడదు. ఆకులు వండిన చక్కెరలు, చిగురునుంచి దిగే ఆక్సిన్ అనే హార్మోను మాత్రం బెరడు లేని చోట ఆగిపోతాయి. అక్కడే వేళ్లు పుడతాయి. వలిచేటప్పుడు కారే పాలు కొందరికి దురద పెడతాయి, బట్టలకంటితే మరక వదలదు. కొన్ని వారాలకు నాచులో వేళ్లు అల్లుకున్నాక అంటు కింద కోసి, కుండీలో పెట్టి, కొత్త చిగురు వేసేదాకా నీడలో ఉంచాలి.