సగం ధరకి ఫోన్ ఓకే.. మరి సగం ధరకి షేర్? సత్యం కథ చూసి డిసైడ్ అవ్వండి

పోయిన దసరాకి గిద్దలూరు వెళ్లినప్పుడు ఫ్రెండ్ ఒకడు ఫోన్‌లో ట్రేడింగ్ యాప్ ఓపెన్ చేసి, "మామా, ఈ షేర్ వారంలో 40 శాతం పడింది. బిగ్ సేల్ లాంటిదే కదా, కొనేద్దామా?" అన్నాడు. ఆ కంపెనీ లెక్కల మీద విచారణ నడుస్తోందని కింద న్యూస్ ట్యాబ్‌లోనే ఉంది. మావాడు అది చూడనే లేదు.

సేల్‌లో ధర సగానికి తగ్గినా బాక్స్‌లో వచ్చేది అదే ఫోన్. షేర్ అలా కాదు. లెక్కలే అబద్ధమని తేలితే బాక్స్‌లో ఏముందో ఎవరికీ తెలీదు. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది.

రెండుసార్లు పడిన షేర్

2008 డిసెంబర్ 16న సత్యం, తన చైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. ఇన్వెస్టర్లు తిరగబడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. మర్నాడు షేర్ దాదాపు 30 శాతం పడింది. చవగ్గా దొరుకుతోందని అప్పుడు కొన్నవాళ్లూ ఉన్నారు. జనవరి 6న ధర రూ.179.10. మర్నాడు రాజు రాజీనామా లేఖలో మోసం ఒప్పుకున్నారు. ఆ ఒక్క రోజే 78 శాతం పడి రూ.39.95కి వచ్చింది. సెన్సెక్స్ కూడా 749 పాయింట్లు కోల్పోయింది.

స్పెక్ షీట్ వేరు, అసలు వేరు

ఆ లేఖ ప్రకారం 2008 జులై-సెప్టెంబర్ లెక్కలు ఇవీ:

- ఆదాయం: చూపించింది రూ.2,700 కోట్లు, అసలు రూ.2,112 కోట్లు
- ఆపరేటింగ్ మార్జిన్: చూపించింది రూ.649 కోట్లు, అసలు రూ.61 కోట్లు
- నగదు, బ్యాంక్ బ్యాలెన్స్: చూపించిన రూ.5,361 కోట్లలో రూ.5,040 కోట్లు లేనే లేవు

కోడ్ రాసేవాడిగా నన్ను ఎక్కువ కదిలించింది ఇంకోటుంది. సీబీఐ బయటపెట్టిన నకిలీ ఇన్‌వాయిస్‌లు 7,561. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఇన్‌వాయిస్‌ని చూపించాలా, దాచాలా అని చెప్పే ఫ్లాగ్ ఉండేదట. మా మార్కాపురం పలక మీద తప్పు రాస్తే తుడిచేస్తాం. అక్కడ తుడవలేదు, మిగతా ఉద్యోగులకు కనబడకుండా దాచారు. చివరికి అవి సర్వర్‌లోనే దొరికాయి.

2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేర్‌కి రూ.58 చొప్పున ఇచ్చి కంపెనీని దక్కించుకుంది. 2015లో కోర్టు రాజుకి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. కంపెనీ అయితే నిలబడింది. 179కి కొన్నవాళ్ల డబ్బు మాత్రం చాలావరకు ఆ ఒక్క రోజులోనే పోయింది.

కొనే ముందు ఈ మూడూ చూడండి

1. లాభం పెరుగుతున్నా ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో పెరగడం లేదా? ఎందుకో తెలిసేదాకా ఆగండి.
2. ప్రమోటర్ షేర్లు ఎంత తాకట్టులో ఉన్నాయి? సత్యం దెబ్బ తర్వాతే, 2009 జనవరిలో, సెబీ ఈ వివరాలు బయటపెట్టడం తప్పనిసరి చేసింది.
3. ఆడిటర్ మధ్యలో తప్పుకున్నారా? ఎక్స్ఛేంజ్ అనౌన్స్‌మెంట్లలో ఉంటుంది.

అయితే బ్యాంక్ కాగితాలే నకిలీవైతే ఈ చెక్‌లు కూడా పట్టుకోలేవు. అందుకే ఒక్క షేర్‌లోనే మొత్తం డబ్బు పెట్టొద్దు. మావాడికి ఇదంతా చెప్పాను. ఆర్డర్ స్క్రీన్ క్లోజ్ చేసి, న్యూస్ ట్యాబ్ ఓపెన్ చేశాడు.