ఇస్నోఫీలియా: రక్తపరీక్ష చీటీ ఏమి చెబుతోంది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో "ఇస్నోఫీలియా" అనే మాట వినని కుటుంబం అరుదు. రాత్రిళ్లు దగ్గు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా ఆ పేరే పెడతాము. నిజానికి అది రోగం పేరు కాదు. రక్తంలో ఇసినోఫిల్ కణాలు పెరిగాయని తెలిపే గుర్తు మాత్రమే. అవి ఎందుకు పెరిగాయన్నదే అసలు ప్రశ్న.

ఇసినోఫిల్ ఒక రకమైన తెల్లరక్తకణము. ఇయోసిన్ అనే ఎర్రరంగును పట్టుకుంటుంది గనుక 1879లో జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ దానికి ఆ పేరు పెట్టాడు. ఇది ఎముకల మూలుగలో పుట్టి, కొన్ని గంటలు మాత్రమే రక్తంలో తిరిగి, పేగులు మొదలైన భాగాలకు చేరుతుంది. శరీరంలో దూరిన పురుగులపై తనలోని విషపదార్థాలను కుమ్మరిస్తుంది. ఈ కణాలు మితిమీరి, ఎక్కువ కాలం అలాగే ఉంటే ఆ విషమే మన ఊపిరితిత్తులను, గుండెను గాయపరచవచ్చు.

చీటీలో శాతం ఒక్కటే చూసి భయపడకండి. మొత్తం తెల్లకణాలు 8000, ఇసినోఫిల్స్ 5 శాతం అయితే వాటి సంఖ్య 400. ఘన మిల్లీమీటరుకు 500 వరకు సాధారణమే. అంతకు మించితే ఉబ్బసం, ఎలర్జీ, కొన్ని మందులు పడకపోవడం, కడుపులో పురుగులు వంటి కారణాలు ఉండవచ్చు. చెప్పులు లేకుండా పొలంలో నడిచేవారికి కొంకిపురుగు పాదాల చర్మం గుండానే ప్రవేశిస్తుంది.

మరొక కారణం బోదకాలు పురుగు. కాలు వాయకపోయినా, ఆ పురుగు పిల్లల మీద శరీరం తీవ్రంగా తిరగబడి, రాత్రి దగ్గు, ఆయాసం కలుగుతాయి. అప్పుడు ఈ కణాలు 3000 దాటిపోతాయి. ఎక్స్‌రేలో అది క్షయవలె కనబడవచ్చు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లు కలిసి నడిపిన క్షయ చికిత్సాలయంలో డాక్టర్ ఫ్రిమోట్ మోలర్, డాక్టర్ బార్టన్ ఇలాంటి రోగులను గుర్తించి, ఇది క్షయ కాదని 1940లో ప్రకటించారు. 1943లో డాక్టర్ వైన్‌గార్టెన్ దీనికి "ట్రాపికల్ ఇసినోఫీలియా" అని పేరు పెట్టాడు. నేడు డి.ఇ.సి. మాత్రలతో దీనికి చికిత్స ఉంది.

అయితే దగ్గంతా ఇస్నోఫీలియా అనుకోవడం కూడా అపాయమే. అది నిజంగా క్షయ కావచ్చు. గనులలో పనిచేసేవారికి బొగ్గుదుమ్ము వల్ల కావచ్చు. సిగ్గుపడి దాచక కళ్లె పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితమే.

తోచినట్లు స్టెరాయిడ్ మాత్రలు, ఇంజక్షన్లు వాడవద్దు. కౌంటు తగ్గి, ఆయాసం తీరినట్లుంటుంది గాని కారణం లోపలే ఉంటుంది. కొన్ని జాతుల పేగు పురుగులు ఉన్నవారికి స్టెరాయిడ్ పడితే అవి ఒళ్లంతా పాకి ప్రాణాపాయం కలుగుతుంది.

2015 నుండి బడులలో, అంగన్‌వాడీలలో ఇస్తున్న నులిపురుగుల మాత్రను పిల్లలచేత తప్పక వేయించండి. పొలానికి చెప్పులతో వెళ్లండి, మరుగుదొడ్డి వాడండి, దోమతెర కట్టుకోండి. పాత రక్తపరీక్ష చీటీలు దాచిపెట్టి డాక్టరుకు చూపండి. కౌంటు ఎప్పటి నుండి పెరుగుతున్నదో వాటిని బట్టే తెలుస్తుంది.